ఛాతీ నీటికి ఇంటి పైపు: బరంపురం, పర్లాకిమిడి వైపు వాళ్ళు కొనేముందు చూసుకోవలసినవి

ఊపిరితిత్తుల క్యాన్సరు పైపొరకు పాకి, నీరు తీయించుకున్న పది రోజులకే మళ్ళీ ఆయాసం వచ్చేవాళ్ళకు డాక్టర్లు ఇప్పుడు ఒక వస్తువు రాస్తున్నారు. మెత్తటి సిలికాన్ పైపు. దాన్ని చర్మం కింద కొంత దూరం దూర్చి ఛాతీలోకి పంపి, బయటి కొస పొట్ట పైభాగంలోనో పక్కటెముకల ముందువైపునో ఉంచి ఇంటికి పంపేస్తారు. నీరు నిండినప్పుడల్లా ఇంట్లోనే సీసాలోకి తీసుకోవచ్చు. అసలు పేరు ఇన్‌డ్వెల్లింగ్ ప్లూరల్ క్యాథెటర్, వార్డుల్లో ఐపీసీ అంటారు. ఫొటోకాపీని జిరాక్స్ అన్నట్టు, ముందు పేరుపడిన బ్రాండును బట్టి చాలామంది ప్లూరెక్స్ అనేస్తారు.

తీర్పు ముందే చెప్పేస్తాం. వస్తువుకు అయిదుకి నాలుగున్నర. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో దాని సీసాలు దొరికే తీరుకు అయిదుకి రెండు. పైపు వేయించుకుని, సీసాలకు దారి చూసుకోకుండా గుణుపురం రైలెక్కితే, ఆ పైపు ఒంటికి వేలాడే బరువే తప్ప పనికొచ్చేది కాదు.

దీని గురించి మాట్లాడేముందు ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అడిగే మాటకు జవాబు చెప్పాలి: "ఆపరేషన్ చేసి తీసేస్తే పోదా?" ఊపిరితిత్తి మీద ఒక పొర, దానికి ఎదురుగా పక్కటెముకల లోపలి వైపు మరో పొర ఉంటాయి. క్యాన్సరు ఆ రెండింటి మధ్యకు చేరిందంటే మడిలో విత్తనం చల్లినట్టే. ఛాతీ గోడ మీదా, ఉదరవితానం మీదా, గుండె సంచి మీదా కంటికి కనపడనంత చిన్న మొలకలు పడి ఉంటాయి. గడ్డ ఉన్న భాగం కోసినా అవి మిగిలిపోతాయి. పాత స్టేజింగులో దీన్ని మూడో స్టేజిలో పెట్టేవారు. 2009లో వచ్చిన స్టేజింగు పట్టిక ఏడో కూర్పు దీన్ని ఎం1ఎ అని, అంటే నాలుగో స్టేజి అని మార్చింది. పాత కాగితాలు పట్టుకుని "అక్కడ మూడన్నారు, ఇక్కడ నాలుగంటున్నారు" అని గొడవపడేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. కాబట్టి ఈ దశలో సర్జన్ చేసే పని చాలామట్టుకు ఊపిరి ఆడించడానికే. రోగాన్ని ఊడబెరకడం ఆ పనిలో లేదు.

దీనికి మినహాయింపులూ ఉన్నాయి. ఛాతీ తెరిచాక అనుకోకుండా పొర మీద రెండు మూడు చుక్కలు కనిపించినప్పుడు అసలు గడ్డను తీసేసినవాళ్ళు కొంచెం ఎక్కువ కాలం బతికారని జపాన్, కొరియా, చైనా ఆసుపత్రుల వెనకటి రికార్డులు చెబుతున్నాయి. అయితే అలాంటి ఆపరేషన్‌కి ఎంచుకున్నది అసలే గట్టిగా ఉన్నవాళ్ళని, కాబట్టి ఆ లెక్కని అందరికీ వర్తింపజేయలేం. పొరను కొంతమేర ఒలిచేసే ఆపరేషన్ని మీసోథీలియోమా అనే వేరే పొర క్యాన్సరులో మెసోవ్యాట్స్ అనే పరీక్షలో, రెండు పొరలను అతికించే టాల్కు పౌడరుతో పోల్చి చూశారు. 196 మందితో చేసిన ఆ పరీక్ష ఫలితం 2014లో వచ్చింది. ఆయుష్షు పెరగలేదు, చిక్కులు మాత్రం పెరిగాయి. ఛాతీలో వేడి కీమో మందు తిప్పే పద్ధతి కూడా ఉంది: 42, 43 డిగ్రీల దగ్గర గంటో గంటన్నరో సిస్‌ప్లాటిన్ తిప్పుతారు. ఊపిరితిత్తుల క్యాన్సరుకు అది మామూలు వైద్యంగా ఇంకా స్థిరపడలేదు. పొలం అమ్మి దాని కోసం పరిగెత్తమని ఎవరైనా చెబితే రెండో డాక్టరు మాట వినండి.

ఇక పైపు. అయితే ఇది వేయించుకునే ముందే తేలవలసినవి రెండు మూడున్నాయి. వీటిని దాటేసి పైపు దాకా వెళ్ళినవాళ్ళే తర్వాత పైపును తిడతారు.

మన వైపు ఛాతీలో నీరంటే మొదట గుర్తొచ్చేది టీబీ. అది తప్పు కాదు, నిజంగానే ఎక్కువ. నీటిలో ఏడీఏ (టీబీలో పెరిగే ఒక ఎంజైము) 40 దాటి, కణాల్లో లింఫోసైట్లు అనే తెల్లకణాలు ఎక్కువుంటే టీబీ మందులు మొదలుపెట్టడం సబబే. కానీ నీరు ఎర్రగా ఉండి, ఏడీఏ తక్కువుండి, తీసిన ప్రతిసారీ మళ్ళీ నిండుతుంటే ఆరు నెలల టీబీ కోర్సు పూర్తయ్యేదాకా ఆగకూడదు. నీటిలో క్యాన్సరు కణాలు ఒక్కసారికి పదిమందిలో ఆరుగురికే దొరుకుతాయి. ఒకసారి "నెగెటివ్" వచ్చిందని ఊరుకోవద్దు. పరీక్షకు రెండు సిరంజీలు కాదు, కనీసం 50 మిల్లీలీటర్లు పంపాలి, ఇంకా ఎక్కువైతే మరీ మంచిది. దాంతో సెల్ బ్లాక్ చేయమని కాగితం మీద రాయించండి. సెల్ బ్లాక్ అంటే నీటిలోని కణాలను మైనంలో గట్టిపరచి దాచుకోవడం. మళ్ళీ సూది గుచ్చే పని లేకుండా దాని మీదే ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కె లాంటి జన్యు పరీక్షలు చేయవచ్చు.

ఈ పరీక్షకు పైపుకు ఏం సంబంధం అంటారా? చాలా ఉంది. మన దేశంలో అడెనోకార్సినోమా రకం వాళ్ళలో పాతిక శాతానికి తక్కువ కాకుండా ఈజీఎఫ్ఆర్ మార్పు కనిపిస్తుంది. అది ఉంటే రోజుకొక బిళ్ళతో (జెఫిటినిబ్ అయితే 250 మిల్లీగ్రాములు, ఒసిమెర్టినిబ్ అయితే 80) కొన్ని వారాల్లో నీరు తనంతట తానే తగ్గిపోవచ్చు. అలాంటివాళ్ళకు ఒకటి రెండుసార్లు సూదితో తీసి, బిళ్ళ పనిచేసే వరకు చూడడం మేలు. రిపోర్టు రాకముందే పైపు వేసేస్తే నెల తిరిగేసరికి దాంతో పనే ఉండకపోవచ్చు. ఊపిరి నిలవనంత ఆయాసం ఉంటే మాత్రం రిపోర్టు కోసం కూర్చోకూడదు.

రెండోది, మొదటిసారి సూదితో నీరు తీసినప్పుడు రెండు సంగతులు గమనించాలి. లీటరు, లీటరున్నర తీశాక ఆయాసం తగ్గిందా? తీసిన తర్వాత ఎక్స్‌రేలో ఊపిరితిత్తి విచ్చుకుని పక్కటెముకలను తాకిందా? ఆయాసం తగ్గకపోతే దాని మూలం నీరు కాదు. ఊపిరితిత్తి లోపలి క్యాన్సరో, రక్తనాళంలో రక్తపు గడ్డో, గుండె చుట్టూ నీరో అయి ఉంటుంది, పైపు వేసినా ఏం లాభం లేదు. ఊపిరితిత్తి విచ్చుకోకపోతే, అంటే పొర దళసరిగా గట్టిపడి దాన్ని కట్టేసి ఉంచితే, రెండు పొరలను అతికించే పౌడరు పనిచేయదు. తాకని రెండు గోడలను జిగురు ఎలా కలుపుతుంది? అక్కడ పైపే దారి. రౌండ్స్‌లో డాక్టరుని అడగాల్సిన ప్రశ్నలు ఈ రెండే. ఒడియా మాట్లాడే నర్సు "ఛాతిరే పాణి" అన్నదంటే ఛాతీలో నీరు గురించే చెబుతోంది. మీరు చెప్పాల్సింది నీరు ఎంత తీశారన్నది కాదు, తీశాక మెట్లెక్కగలిగారా లేదా అన్నది.

సరే, పెట్టె విప్పి చూద్దాం. పైపు పొడవు 66 సెంటీమీటర్లు, మందం 15.5 ఫ్రెంచ్, అంటే అయిదు మిల్లీమీటర్ల పైచిలుకు. లోపలికి వెళ్ళే సగానికి బెజ్జాలుంటాయి. మధ్యలో పాలిస్టర్ దారపు చుట్టు ఒకటి ఉంటుంది, దాన్ని కఫ్ అంటారు. చర్మం కింద కండ పెరిగి ఆ దారాల్లోకి అల్లుకుంటే పైపు జారదు, క్రిములు లోపలికి పాకే దారి మూసుకుంటుంది. బయటి కొసన వాల్వు. సీసా గొట్టం ముక్కు దూరినప్పుడే అది తెరుచుకుంటుంది, లేకపోతే గాలి కూడా లోపలికి పోదు. ఈ వస్తువుకు ప్రాణం ఆ వాల్వే. దాంట్లోకి సిరంజి సూది దూర్చడం, సెలైన్ సెట్టు కొసను బలవంతంగా నొక్కడం చేస్తే వాల్వు పాడై గాలి ఛాతీలోకి దూరుతుంది. ఊళ్ళో ఇంజెక్షన్లు చేసే మనిషి "సీసా ఎందుకండీ, నేను సిరంజితో లాగేస్తా" అంటే ఒప్పుకోకండి.

వేయడానికి పెద్ద థియేటరు అక్కర్లేదు. అల్ట్రాసౌండుతో నీరున్న చోటు చూసి, ఆ చోటికి మాత్రమే మత్తింజెక్షన్ ఇచ్చి, రెండు చిన్న కోతలు పెడతారు. చర్మం కింద అయిదు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల సొరంగం. కఫ్ బయటి కోతకు ఒక సెంటీమీటరు లోపల ఉండాలి. మరీ దగ్గరైతే బయటికి వచ్చేస్తుంది, మరీ లోపలికి పోతే తీసేటప్పుడు నరకం. గంటలోపు పని అయిపోతుంది, చాలామంది ఆ రోజే ఇంటికి వెళ్ళవచ్చు. క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే బిళ్ళలు వాడుతుంటే ముందే చెప్పాలి. ఇంకొకటి, బయటికి వచ్చే చోటు ఎక్కడో పడుకోబెట్టే ముందు, కూర్చోబెట్టి గుర్తు పెట్టమని అడగండి. ఆడవాళ్ళకు జాకెట్టు అంచు, చీర కుచ్చిళ్ళు దోపే చోటు, మగవాళ్ళకు లుంగీ ముడి, మొలతాడు. వీటి కింద పైపు పడితే రోజంతా రాపిడే. రోగికి కుడిచేతివాటమా, ఎడమచేతివాటమా అన్నది కూడా చూడాలి, ఎందుకంటే చాలాసార్లు వాల్వు పట్టుకునేది రోగే. పైకోత కుట్లు వారానికి, పైపు బయటికి వచ్చే చోటి కుట్టు రెండు మూడు వారాలకు తీస్తారు. ఆ రెండో కుట్టు తొందరపడి తీయించుకోవద్దు, కఫ్ అప్పటికి పట్టు పడి ఉండదు.

ఇంట్లో తీసే పద్ధతి ఇలా. ఫ్యాను ఆపి, తలుపు వేసి, రోగిని దిండుకు ఆనించి కూర్చోబెట్టాలి. ఫ్యాను ఆపడం ఎందుకంటే దుమ్ము. బరంపురం ఉక్కలో ఇది కష్టమే, కాబట్టి తెల్లవారగట్ల తీసుకోవడం సుఖం. సబ్బుతో చేతులు కడుక్కుని, స్టెరైల్ గ్లౌజులు వేసుకుని, వాల్వు మూత తీసి, స్పిరిట్ దూదితో వాల్వును తుడిచి, సీసా గొట్టం ముక్కును టక్కుమని కూర్చునేదాకా నొక్కాలి. సీసా లోపల గాలి తీసేసి ఉంటుంది కాబట్టి దానంతట అదే పీల్చుకుంటుంది. ముందు గొట్టం మీది చక్రపు క్లాంపు పూర్తిగా మూసి, తర్వాత సీసా సీలు పొడిచి, ఆ తర్వాత చక్రాన్ని కొద్దికొద్దిగా వదలాలి. ఈ వరస తప్పితే రెండు లీటర్ల బకెట్టును ఒక్కసారి బోర్లించినట్టు పీల్చేస్తుంది. భుజంలో పోటు, ఛాతీలో నొప్పి, దగ్గు తెర వస్తాయి. అలా వస్తే వేగం తగ్గించండి. తగ్గకపోతే ఆపేయండి, ఇంకా నీరుందని మొండికేయకండి. ఇంట్లో ఒకసారికి లీటరు మించకూడదు. అణిగి ఉన్న ఊపిరితిత్తి ఒక్కసారిగా విచ్చుకుంటే దాంట్లోకే నీరు చేరే ప్రమాదం ఉంది. అరుదే, కానీ వస్తే ఊళ్ళో నిభాయించలేం. సగటున పావుగంట, ఇరవై నిమిషాల పని. అయ్యాక గొట్టం తీసి, వాల్వును మళ్ళీ తుడిచి, కొత్త మూత పెట్టి, పైపును స్పాంజి మీద చుట్టలా పెట్టి, గాజుగుడ్డ కప్పి, పైన పారదర్శక ప్లాస్టరు అంటించాలి. తేదీ, ఎన్ని మిల్లీలీటర్లు, రంగు, నొప్పి ఉందా లేదా, ఈ నాలుగూ ఒక పుస్తకంలో రాయండి. తర్వాత డాక్టరు నిర్ణయాలన్నీ ఆ పుస్తకం చూసే ఉంటాయి.

ఎన్నిసార్లు తీయాలన్నది మీ లక్ష్యాన్ని బట్టి ఉంటుంది. పొరలు అతుక్కుని పైపు తొందరగా వదిలించుకోవాలంటే రోజూ తీయాలి. 2017లో వచ్చిన ఏఎస్ఏపీ పరీక్షలో రోజూ తీసినవాళ్ళలో 47 శాతం మందికి తమంతట తామే పొరలు అతుక్కున్నాయి, రోజు విడిచి రోజు తీసినవాళ్ళలో 24 శాతానికే. ఆయాసం తగ్గితే చాలు, పైపు ఉన్నా ఫరవాలేదనుకుంటే ఆయాసం అనిపించినప్పుడే తీయవచ్చు. ఊపిరి సుఖంలో పెద్ద తేడా లేదని 2018లో యాంపిల్-2 పరీక్ష చూపింది. లోపలి ఊళ్ళవాళ్ళకు మేము మొదట్లో రోజు విడిచి రోజే చెబుతాం. లెక్క చూడండి: అలా అయితే నెలకు 15 సీసాలు, రోజూ అయితే 30.

సీసాల దగ్గరికి వచ్చాం కాబట్టి అసలు ఫిర్యాదు. ఇది బజారులో దొరికే సరుకు కాదు. బరంపురంలో మెడికల్ కాలేజీ దగ్గరి పెద్ద మందుల షాపులో కూడా అడిగిన రోజే ఉండకపోవచ్చు. ఆర్డరు పెడితే భువనేశ్వర్ నుంచో విశాఖ నుంచో వస్తుంది. ఒక కంపెనీ పైపుకు ఆ కంపెనీ సీసానే వాడాలి, ముక్కు, వాల్వు ఒకదానికొకటి చేసినవి. కొనేటప్పుడే అయిదు వందల మిల్లీలీటర్లదా, లీటరుదా అని సైజు కూడా రాసుకోండి. చిన్న సైజు చాలే అనుకుని, ఒకసారి తీయడానికి రెండు విప్పాల్సి వచ్చేవాళ్ళు చాలామంది. డిశ్చార్జి రోజున చేతిలో పది సీసాలు, పది డ్రెస్సింగు సెట్లు లేకుండా వార్డు దాటవద్దు. అక్టోబరు వస్తోందంటే ఇంకా ముందుచూపు కావాలి. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018లో తిత్లీ పలాస పక్క తీరం దాటి గజపతి జిల్లాలో దారులన్నీ తెంచేసింది. తుపాను హెచ్చరిక వచ్చాక కొరియరు రాదు. ఆ నెలలో ఇంట్లో మూడు వారాల సరుకుండాలి, ఎండ తగలని అలమారాలో, మంచం కింద చెమ్మలో కాదు.

సీసా అయిపోయి, ఆయాసం ఎక్కువైతే ఏం చేయాలి? పైపు వేసిన ఆసుపత్రికి ఫోన్ చేయాలి. జిల్లా ఆసుపత్రికి వెళ్తే అక్కడ డ్యూటీ డాక్టరు ఈ రకం పైపు ఎప్పుడూ చూసి ఉండకపోవచ్చు. దాన్ని అండర్‌వాటర్ సీల్ సీసాకు (ఛాతీ గొట్టాలకు ఆసుపత్రుల్లో తగిలించే నీటి సీసా) కలిపే గొట్టం పైపు కంపెనీయే అమ్ముతుంది. అలాంటిది ఒక్కటి కొని ఇంట్లో ఉంచుకుంటే ఆ అర్ధరాత్రి పనికొస్తుంది. ఇది చాలామంది చెప్పరు.

ఎవరు నేర్చుకోవాలి? ఇంట్లో ఇద్దరు. ఒక్కరు చాలరు, ఆ ఒక్కరికి జ్వరం వస్తే? డిశ్చార్జికి ముందు ఇద్దరూ నర్సు ముందు చెరొకసారి స్వయంగా తీసి చూపించాలి. ఒడిశాలో జిల్లా ప్రధాన ఆసుపత్రుల్లో డే కేర్ కీమో విభాగాలున్నాయి. అక్కడి నర్సుకు క్యాన్సరు రోగుల పైపులు కొత్త కాదు, ఊరి ఆర్ఎంపీ కంటే ఆమెను పరిచయం చేసుకోవడం మంచిది. డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో, నర్సు ఒడియాలో, ఇంట్లో అమ్మ తెలుగులో అయితే మెట్లన్నీ తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక అట్ట మీద రాసి సీసాల పెట్టెకు అంటించండి.

ఉక్క మరో తంటా. చెమటకు పారదర్శక ప్లాస్టరు అంచులు లేచిపోతాయి. అది లేచిన చోటి నుంచే క్రిములు. డ్రెస్సింగు అంటించే ముందు చర్మం పొడిగా తుడిచి ఆరనివ్వాలి, పౌడరు చల్లకూడదు. అంచు లేస్తే పైన మరో ముక్క అంటించి సరిపెట్టకుండా మొత్తం మార్చండి. ప్లాస్టరు గట్టిగా ఉంటే చెంబు స్నానం చేయవచ్చు. చెరువులో మునక, సముద్ర స్నానం వద్దు. ఇంట్లో ఆక్సిజన్ సిలిండరు కూడా ఉంటే చుట్ట ముట్టించేవాళ్ళు ఆ గదిలోకి రాకూడదు. ఇది పైపుకు సంబంధం లేని సంగతే, కానీ మన వైపు ఇళ్ళలో చెప్పక తప్పదు.

చెడిపోయే తీరులు. ఈ పైపు వేయించుకున్న 1021 మందిని పదకొండు కేంద్రాల్లో చూసిన ఒక పరిశీలన 2013లో వచ్చింది. ఛాతీ లోపల చీము పట్టినవాళ్ళు సుమారు 5 శాతం. దాంతో చనిపోయినవాళ్ళు వెయ్యికి ముగ్గురు. చాలామందికి పైపు తీయకుండానే యాంటీబయాటిక్స్‌తో తగ్గింది. కాబట్టి "పైపు పెడితే చీము పట్టి పోతారు" అన్న మాట అతిశయోక్తి. జ్వరం, నీరు చిక్కబడి మబ్బుగా మారడం, వాసన, పైపు చుట్టూ ఎర్రబారి వేడిగా ఉండడం, వీటిలో ఒక్కటి కనిపించినా ఆ రోజే చూపించాలి. కీమో నడుస్తున్నా పైపు ఉండవచ్చు, తెల్లకణాలు బాగా పడిపోయిన రోజుల్లో మాత్రం తీసేటప్పుడు ఇంకా శుభ్రంగా ఉండాలి.

ఎక్కువసార్లు ఎదురయ్యేది వేరే: నీరుందని తెలుసు, సీసాలోకి మాత్రం రాదు. పైపులో ఫైబ్రిన్ అనే జిగట ప్రోటీను గడ్డలు చేరి మూసుకుపోయి ఉంటుంది, లేదా లోపల నీరు గదులు గదులుగా విడిపోయి ఉంటుంది. ఆసుపత్రిలో అల్ట్రాసౌండు చూసి, సెలైన్‌తో కడగడమో, గడ్డలు కరిగించే మందు వేయడమో చేస్తారు. ఇంట్లో కడగాలని చూడవద్దు. అలాగే "నీరు రాలేదంటే ఆరిపోయింది" అనుకోవడం ఈ వస్తువు వాడేవాళ్ళు చేసే అతి సాధారణమైన పొరపాటు. ఆయాసం కూడా తగ్గి నీరు తగ్గితే మంచిది, ఆయాసం పెరుగుతూ నీరు తగ్గితే అడ్డుపడింది. ఇంకా కొద్దిమందికి పైపు దారి వెంట చర్మం కింద క్యాన్సరు గడ్డ మొలుస్తుంది. నొప్పిగా ఉంటే రేడియేషన్ ఇస్తారు, పైపు ఉండగానే. నీటితో పాటు ప్రోటీను కూడా పోతుంది కాబట్టి గుడ్లు, చేపలు, పప్పు తగ్గించకూడదు. పథ్యం పేరుతో చారన్నం మీద పెట్టేవాళ్ళను చూస్తుంటాం, అది వద్దు.

పోటీదారుల్లో మొదటిది టాల్కు పౌడరు. ఊపిరితిత్తి విచ్చుకున్నవాళ్ళకు, పది రోజులకోసారి సీసా తెచ్చుకోలేనివాళ్ళకు, ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉండగలిగేవాళ్ళకు మా ఓటు దీనికే. ఛాతీలో గొట్టం వేసి నీరంతా దించాక, ఎక్స్‌రేలో ఊపిరితిత్తి విచ్చుకుని పక్కటెముకలను తాకిందని చూసుకుని, లిగ్నోకైన్ (కిలోకు 3 మిల్లీగ్రాముల లెక్కన, 250 మించకుండా) ఛాతీలోకి పంపి, తర్వాత 4 గ్రాముల శుద్ధి చేసిన మెడికల్ టాల్కును 50 నుంచి 100 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి వేస్తారు. గంటసేపు గొట్టం బిగించి, వదిలేస్తారు. రోగిని అటూ ఇటూ దొర్లించడం పాత అలవాటు, దానివల్ల అదనంగా ఒరిగేది లేదు. ఛాతీలోకి కెమెరా గొట్టం పంపి లోపల చూస్తూ పౌడరు చల్లే పద్ధతి ఖరీదు ఎక్కువ. 2019లో 330 మందిపై వచ్చిన ట్యాప్స్ పరీక్షలో 90 రోజులకు చల్లినవాళ్ళలో 22 శాతం, గొట్టంలో పోసినవాళ్ళలో 24 శాతం విఫలమయ్యాయి, అంటే తేడా లేనట్టే. బయాప్సీ కూడా కావాల్సినవాళ్ళకు మాత్రం లోపలికి చూడడం కలిసొస్తుంది.

టాల్కులో తప్పులు రెండు చోట్ల జరుగుతాయి. ఒకటి, రోజుకు ఇంకా మూడు వందల మిల్లీలీటర్లు వస్తుండగానే, ఊపిరితిత్తి విచ్చుకుందో లేదో చూడకుండా తొందరపడి పోసేయడం. రెండు, సన్నటి రేణువులున్న టాల్కు వాడడం. మరీ సన్నటి రేణువులు ఒంట్లోకి పాకి ఊపిరితిత్తుల వాపు తెస్తాయి. పెద్ద రేణువులుగా జల్లెడపట్టిన రకమే కావాలి, ముఖానికి రాసుకునే పౌడరును శుద్ధి చేసి వాడే రోజులు పోవాలి. పోసిన రాత్రి జ్వరం, నొప్పి రావడం మామూలు. నొప్పికి మాత్రలు వేస్తే పౌడరు పట్టదన్న భయం అక్కర్లేదు. 2015లో టైమ్-1 పరీక్ష వాటివల్ల పట్టు తగ్గడం లేదని చూపింది. అదే పరీక్షలో సన్నగొట్టం నొప్పి తగ్గించినా, పట్టులో లావుగొట్టానికి సాటి రాలేదు. టాల్కు లేని చోట పోవిడోన్ అయొడిన్ వేస్తారు, 10 శాతం ద్రావణం 20 మిల్లీలీటర్లు, సెలైన్ 80. చవక, ఊరికి దగ్గర, పనిచేస్తుంది. అయొడిన్ పడనివాళ్ళు, థైరాయిడ్ ఉన్నవాళ్ళు ముందే చెప్పాలి.

పైపునూ టాల్కునూ నేరుగా పోల్చిన పరీక్షలున్నాయి. 2012లో టైమ్-2 (106 మంది) ఆయాసం తగ్గడంలో తేడా లేదంది. 2017లో యాంపిల్ (146 మంది) పైపు వాళ్ళు ఆసుపత్రిలో గడిపింది మధ్యస్థంగా 10 రోజులు, టాల్కు వాళ్ళు 12 అని, మళ్ళీ ఛాతీలో పని చేయాల్సి వచ్చింది పైపు వాళ్ళకు 4 శాతం, టాల్కు వాళ్ళకు 22 శాతం అని చూపింది. ఈ లెక్కలు సీసా ఇంటికి వచ్చే దేశాలవి. పర్లాకిమిడి నుంచి విశాఖ ప్రయాణం లెక్కలో కలపండి, రెండు రోజుల తేడా అక్కడే కరిగిపోతుంది. రెండూ కలిపి, అంటే పైపులోంచే టాల్కు పోసే పద్ధతి కూడా ఉంది. 2018లో 154 మందిలో చేసిన పరీక్షలో 35 రోజులకు 43 శాతం మందికి అతుక్కుంది, ఉత్త పైపుకు 23 శాతం. సీసాల బాధ తగ్గించుకోవాలనుకునే మనవాళ్ళకు ఇది మంచి బేరం, పైపు వేసే డాక్టరును అడిగి చూడండి.

రెండో పోటీదారు మన దేశపు ఉపాయం: పిగ్‌టెయిల్ (కొస చుట్టుకునే సన్నటి) గొట్టానికి యూరోబ్యాగు, అంటే మూత్రం సంచి, తగిలించి ఇంటికి పంపడం. ధరలో పైపుకు దరిదాపుల్లో లేదు, యూరోబ్యాగు ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. ఒకటి రెండు వారాలకు పనికొస్తుంది. నెలల తరబడి కాదు. దీనికి కఫ్ లేదు, చర్మం పక్కనుంచే నీరు కారుతుంది, సన్నగా ఉండి మూసుకుపోతుంది, నిద్రలో లాగితే ఊడొచ్చేస్తుంది. మధ్యలో త్రీవే ట్యాపు ఏ వైపు మూసిందో ఇంట్లో ఎవరికీ అర్థం కాదు, తెరిచి ఉంచితే గాలి పోతుంది. రోగికి వారాల ఆయుష్షే మిగిలిందని తెలిసినప్పుడు, ప్రయాణం వద్దనుకున్నప్పుడు దీన్ని మేము తప్పు పట్టం. ఆరు నెలలు ఆశించేవాళ్ళకు రాసేస్తే మాత్రం తప్పే.

ఖర్చు. ఒడిశా వాళ్ళకు ఇప్పుడు ఆయుష్మాన్ భారత్ గోపబంధు కార్డు ఉంది, కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్ళకు అదనంగా మరో 5 లక్షలు. ఆసుపత్రిలో చేసే పని కార్డులోకి రావచ్చు, ఇంటికి తెచ్చుకునే సీసాలు రాకపోవచ్చు. సీసాల ఖర్చు మీ జేబుదే అనుకుని బయల్దేరండి. విశాఖలో అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో, కటక్ ఆచార్య హరిహర్‌కో, భువనేశ్వర్ ఎయిమ్స్‌కో వెళ్ళేముందు కార్డు ఆ చోట చెల్లుతుందా అని హెల్ప్‌డెస్కుకు ఫోన్ చేసి, జవాబు చెప్పిన మనిషి హోదా, తేదీ రాసుకోండి. ఆధార్, కార్డు, సెల్ బ్లాక్ రిపోర్టు, ఎక్స్‌రేలు ఒకే సంచిలో పెట్టుకోండి. ఎక్స్‌రే ఫిల్ములు ఎండలో బస్సు అద్దం పక్కన పెట్టొద్దు.

తీసేయడం గురించి. వరసగా మూడుసార్లు 50 మిల్లీలీటర్ల లోపే వచ్చి, అల్ట్రాసౌండులోనో ఎక్స్‌రేలోనో నీరు లేదని తేలితే పైపు తీయవచ్చు. తీయడానికి మళ్ళీ మత్తింజెక్షన్ ఇచ్చి, కఫ్‌కు అల్లుకున్న కండను చిన్న కత్తితో విడదీస్తారు. లాగితే తెగి కొస లోపలే ఉండిపోతుంది. "వదులుగానే ఉంది, లాగితే వచ్చేస్తుంది" అని ఊళ్ళో ఎవరు చెప్పినా, వేసిన చోటికే వెళ్ళండి. మిగిలిన విప్పని సీసాలు పారేయకండి, గడువు తేదీ చూసి ఆ వార్డు నర్సుకు ఇస్తే, అదే కంపెనీ పైపున్న ఇంకొకరికి ఆ రాత్రే పనికొస్తాయి.